ఇంట్లో పామెరేనియన్ ఈనబోతుంటే ఏం సిద్ధం చేసుకోవాలి?

క్రాసింగ్ అయి 45 రోజులు, నాలుగు కిలోల పామెరేనియన్, తొలి ఈత, ఊరు మిర్యాలగూడ, ఇంట్లోనే ఈనాలి. అంతే కదా అక్కా మీరడిగింది? కుక్క ఈత చాలావరకు అదే చూసుకుంటది. ఎక్కడ ఆగిందో మనం గడియారం చూసి పసిగట్టాలి. అర్ధరాత్రి కుక్కకు సిజేరియన్ చేసేటోళ్లు దగ్గర్లో దొరకడం కష్టం, హైదరాబాద్ అంటే మూడు గంటల దారి. అందుకే డాక్టర్ నంబరు, బండి ముందే మాట్లాడి పెట్టుకోండి.

55వ రోజు దాటినంక ఎక్స్‌రే తీయించండి. పిల్లలెన్నో అందులో తేలుతుంది. లెక్క తెలియకుంటే ఈత అయిపోయిందా, లోపల ఇంకోటి ఉండిపోయిందా అన్నది ఆ రాత్రి ఎవరూ చెప్పలేరు. ఒక్కటే పిల్ల ఉంటే మరీ కనిపెట్టుకోవాలి, అది పెద్దగా పెరిగి దారికి పట్టకపోవచ్చు.

ఈత 58 నుంచి 68 రోజుల మధ్య ఎప్పుడైనా కావచ్చు. 58వ రోజు నుంచి రెండు పూటలా డిజిటల్ థర్మామీటర్ కొనకు వాజలిన్ రాసి మలద్వారంలో పెట్టి జ్వరం చూసినట్టు చూసి రాసుకోండి. మామూలుగా 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటది. 99 కిందికి దిగితే ఎక్కువగా 24 గంటల్లోపే ఈనుతది.

పెట్టె రెండున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చాలు. లోపల గోడల వెంట రెండు మూడు అంగుళాల ఎత్తులో పీవీసీ పైపు బిగిస్తే తల్లి ఒరిగినా పిల్ల గోడకు నలగదు. మొదటి వారం పిల్లల దగ్గర వేడి 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. మన దగ్గర మే నెలలో గదే 40 దాటుతది, అప్పుడు బల్బు పెట్టి ఉడికించొద్దు. కూలర్ గాలి మాత్రం నేరుగా పెట్టె మీదికి రానీయకండి. చలికాలమైతే పెట్టెలో ఒక మూలకే బల్బు వేడి తగలాలి, వేడెక్కితే పిల్లలు అవతలికి పాకిపోవాలి.

నొప్పుల ముందు తిండి మానేస్తది, వగరుస్తది, గుడ్డలు గీరుతది. 12 గంటలు, ఒక్కోసారి 24 గంటలు కూడా అట్లనే ఉంటది, కంగారు పడొద్దు. గట్టిగా ముక్కడం మొదలైనంక అర గంటలో పిల్ల రాకపోయినా, పిల్లకీ పిల్లకీ మధ్య రెండు గంటలు దాటినా, మొదటి పిల్ల కన్నా ముందే ఆకుపచ్చటి ద్రవం కనపడినా బయల్దేరండి. మొదటి పిల్ల తర్వాత ఆకుపచ్చగా రావడం మామూలే.

నొప్పులు రావట్లేదని ఎవరో వచ్చి ఆక్సిటోసిన్ సూది వేస్తామంటే ఒప్పుకోవద్దు. పిల్ల అడ్డంగా ఉంటే ఆ సూదికి గర్భసంచి చిట్లొచ్చు.

పిల్ల చుట్టూ ఉన్న పొరను తల్లి చింపకపోతే మీరే చింపి, ముక్కు, నోరు తుడిచి, పొడి తువ్వాలతో గట్టిగా రుద్దండి. పట్టుకుని ఊపొద్దు. బొడ్డుకు అంగుళం దూరంలో ఉడకబెట్టిన దారం కట్టి, దాని అవతల కత్తిరించి బెటాడిన్ పూయండి. మావులు లెక్కపెట్టండి, పిల్లలెన్నో అవీ అన్నే. ముర్రుపాలు 12 గంటల్లోపు తాగాలి. వంటింటి గ్రాముల కాటా మీద రోజూ తూచండి, రెండో రోజు నుంచి బరువు పెరగకపోతే పాలు అందట్లేదన్నట్టే.

చివరగా కాల్షియం. చూలుతో ఉన్నప్పుడే సీసాలకు సీసాలు తాగించే అలవాటు మనోళ్లకుంది. బయట నుంచి అంత వస్తుంటే ఎముకల్లోంచి కాల్షియం తీసే పని ఒంట్లో మందగిస్తది. ఈనినంక పాలకు ఒక్కసారిగా కావలసి వస్తే అందదు, రక్తంలో పడిపోతది. చిన్న జాతులకు ఇది ఎక్కువ, ఈనిన నాలుగు వారాల్లోపు ఎప్పుడైనా రావచ్చు. వణుకు, కాళ్లు బిగుసుకోవడం, ఒళ్లు కాలిపోవడం కనపడితే పిల్లల్ని వెంటనే పాలు మాన్పించి తల్లిని డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి, నరంలోకి కాల్షియం మెల్లగా ఎక్కించాలి. పిల్లలకు ఆవుపాలు చాలవు, కుక్కపిల్లల పాలపొడి డబ్బా ఒకటి 55వ రోజుకే తెచ్చి ఇంట్లో పెట్టండి. రాత్రి పూట మెడికల్ షాపుల్లో అది దొరకదు.