బంగారం తాకట్టు పెట్టి సెన్సార్లు కొనాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా నార్పల దగ్గర పల్లె. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, ఒకే బోరు, డ్రిప్ ఉంది. ఎండలకు, అకాల వానలకు రెండేళ్లుగా పూత నిలవడం లేదు. తేమ సెన్సార్లు, చిన్న వాతావరణ కేంద్రం కలిపి 55,000 రూపాయలట, ఏటా 6,000 చందా. ఇంట్లో బంగారం మీద నూటికి రూపాయి వడ్డీకి తెచ్చి పెట్టించమంటారా?

జవాబు: ఈ ఏడాదికి ఆగండి. పరికరం చెడ్డదని కాదు. ఎండ మండే రోజుల్లో నీళ్లు హెచ్చుతగ్గులై పిందె రాలే నష్టాన్ని అది తగ్గించగలదు. కానీ పూత కోసం నీళ్లు ఆపి బెట్టకు వదిలిన తోట మీద వాన పడి పూత చెదిరితే ఏ సెన్సారూ ఆపలేదు. అడుగంటిన బోరుకు నీళ్లూ తేలేదు.

ఇక లెక్క. ఏడాదికి వడ్డీ 6,600, చందా 6,000. అసలులో రూపాయి తీరకుండానే 12,600 పోతుంది. కరెంటు ఆదా అని ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట కొట్టేయండి. మన దగ్గర వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి మోటారు తక్కువ తిరిగితే నీళ్లు మిగులుతాయి, డబ్బు కాదు. అంటే ఆ 12,600 మందులు, ఎరువుల ఖర్చులో తగ్గాలి, లేదా రాలే కాయ చెట్టున నిలవాలి. కిందటేడు స్ప్రేలకు ఎంత పెట్టారో, ఎన్ని టన్నులు దిగిందో రాసుకున్నారా? అది లేకపోతే రేపు సెన్సార్లు పెట్టినా లాభమో నష్టమో తేలదు. ఈ కాపు నుంచే నోటుబుక్కు మొదలుపెట్టండి.

ఈలోగా ఒక టెన్షియోమీటర్ కొనండి. నీళ్లు నింపిన గొట్టం, కింద సన్నని రంధ్రాలున్న పింగాణీ మొన, పైన ముల్లు, అంతే. వేర్ల లోతున పాతితే నేల ఎంత ఆరిందో ముల్లు చెబుతుంది. చందా లేదు, సిగ్నల్ అక్కర్లేదు. ఎక్కడ, ఎంత లోతున పాతాలో రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. వాన కబురుకు ‘మేఘదూత్’ యాప్ తెలుగులో ఉచితంగానే ఉంది.

వాతావరణ బీమా సంగతీ చూడండి. ఉద్యాన పంటలకు రైతు వాటా బీమా మొత్తంలో 5 శాతానికి మించదు. మీ మండలంలో చీనీని ఈ బీమా కింద చేర్చారో (నోటిఫై చేశారో) లేదో రైతు సేవా కేంద్రంలో తెలుసుకోండి. అయితే పరిహారం లెక్కకట్టేది ప్రభుత్వం గుర్తించిన వాతావరణ కేంద్రం రీడింగులతోనే, మీ తోటలో పెట్టుకున్న దానితో కాదు.

సాగు ఖర్చుకు కిసాన్ క్రెడిట్ కార్డు వాడుకోండి. గడువులోగా కడితే 3 లక్షల దాకా 4 శాతం వడ్డీయే. బంగారం జోలికి మాత్రం వెళ్లొద్దు. బోరు ఎండిన ఏడాది మీ ఇంటికి అదే ఆసరా.

పంట డబ్బు చేతికొచ్చాక పక్క తోటల వాళ్లు ఇద్దరితో మాట్లాడండి. వాతావరణ కేంద్రం ముగ్గురికీ ఒక్కటి చాలు, సెన్సార్లు ఎవరివి వారికి. పాడైతే ఎన్ని రోజుల్లో మనిషిని పంపుతారో బిల్లు మీదే రాయించుకోండి.