టెక్ సందేహాలు: రెండూ లినక్సే, ఫోల్డర్ మాత్రం వేరు

ప్రశ్న: ఉబుంటు అనే లినక్స్‌లో అపాచీ వెబ్ సర్వర్ (వెబ్‌సైట్లను అందించే ప్రోగ్రాం) నడపడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఫెడోరా అనే మరో లినక్స్‌లో పని చేయాల్సి వచ్చింది. నోట్సులో రాసుకున్న సెట్టింగుల ఫోల్డర్ ఇక్కడ లేనే లేదు. ఏ ఫైలు ఎక్కడ ఉండాలో చెప్పే నియమం లినక్స్‌కు లేదా?

జవాబు: ఉంది, 1994 నుంచీ ఉంది. దాన్ని ఇప్పుడు ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్ అంటున్నారు. 3.0 వెర్షన్ 2015లో వచ్చింది. సెట్టింగులు /ఈటీసీలో, లాగ్‌లు (ప్రోగ్రాం ఏం చేసిందో నమోదయ్యే ఫైళ్లు) /వార్/లాగ్‌లో ఉండాలంటుంది. ఉబుంటు, ఫెడోరా రెండూ ఈ మేరకు బుద్ధిగానే పాటిస్తాయి. అయితే ఆ నియమం వీధి పేరు చెప్పి ఊరుకుంది. ఇంటికి ఏ పేరు పెట్టాలన్నది ప్యాకేజీ (ప్రోగ్రాంను, దాని ఫైళ్లను కట్టిన మూట) తయారుచేసేవారి ఇష్టం. అందుకే ఉబుంటుకు మూలమైన డెబియన్‌లో అపాచీ సెట్టింగుల ఫోల్డర్ /ఈటీసీ/అపాచీ2 అయింది, ఫెడోరాలో /ఈటీసీ/హెచ్‌టీటీపీడీ అయింది. లాగ్‌ల ఫోల్డర్లకూ ఇవే పేర్లు.

పేరు తేడా ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. అసలు చిక్కు పద్ధతిలో ఉంది. ఉబుంటులో కొత్త సైటును ఏ2ఎన్‌సైట్ కమాండ్‌తో ఆన్ చేసేవారు కదా, అది డెబియన్ వారి సొంత ఏర్పాటు, ఫెడోరాలో వెతికినా దొరకదు. ఇక్కడ /ఈటీసీ/హెచ్‌టీటీపీడీ కింది కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో .కాన్ఫ్ అని ముగిసే ఫైలు పెట్టి, సర్వర్‌ను రీలోడ్ చేస్తే చాలు.

ఇంకా గట్టిగా ఏకం చేద్దామని లినక్స్ స్టాండర్డ్ బేస్ అనే ప్రయత్నం కూడా జరిగింది. 2006లో దానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ ముద్ర పడింది. ప్యాకేజీలు ఫెడోరా వాడే ఆర్‌పీఎం రూపంలో ఉండాలని అది కోరింది. సొంత ప్యాకేజీ రూపమున్న డెబియన్ 2015లో దాన్ని దాదాపు వదిలేసింది. అదే 2012లో వచ్చిన /ఈటీసీ/ఓఎస్-రిలీజ్ అనే చిన్న ఫైలును చూడండి. ఇది ఏ డిస్ట్రిబ్యూషనో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం), ఏ వెర్షనో అందులో నాలుగు వరుసల్లో తెలిసిపోతుంది. పనికొచ్చింది కనుక దాదాపు అందరూ పెట్టుకున్నారు. కాగితం మీది ప్రమాణాల కన్నా ఇలాంటివాటి మీదే నాకు గురి.

మీరు చేయాల్సిందల్లా ఇది: ఇంటర్నెట్‌లో దొరికే పాఠాన్ని పక్కన పెట్టి, మీ కంప్యూటర్‌నే అడగండి. ఫెడోరాలో ‘ఆర్‌పీఎం -క్యూఎల్ హెచ్‌టీటీపీడీ’ అంటే ఆ ప్యాకేజీ ఫైళ్ల జాబితా అంతా వస్తుంది. ఉబుంటులో అదే పని చేసే డీపీకేజీ కమాండ్‌కు -ఎల్, ప్యాకేజీ పేరు తగిలించాలి, అక్కడ ఎల్ పెద్దక్షరం. అలాగే /యూఎస్‌ఆర్/షేర్/డాక్ కింద ప్యాకేజీ పేరుతో ఉన్న ఫోల్డర్ తెరవండి. డెబియన్ కుటుంబంలో అయితే చాలా ప్యాకేజీలకు అక్కడ రీడ్‌మీ.డెబియన్ అనే ఫైలు ఉంటుంది. మూల ప్రోగ్రాంకు తాము చేసిన మార్పులేమిటో అందులో దాచకుండా రాస్తారు. నేను మాత్రం దాన్ని గంటసేపు తల బాదుకున్నాకే తెరుస్తాను, అది వేరే సంగతి.

ప్రశ్న: కొత్తగా వేసిన డెబియన్ 12లో /బిన్ ఫోల్డర్‌కు బదులు లంకె (వేరే ఫోల్డర్‌కు దారి చూపేది) మాత్రమే కనిపిస్తోంది. ఏదైనా పాడుచేశానా?

జవాబు: లేదు. పాత రోజుల్లో /బిన్, /యూఎస్‌ఆర్/బిన్ అని రెండు చోట్ల ఉండే ప్రోగ్రాంలను /యూఎస్‌ఆర్/బిన్‌లోకి చేర్చేశారు. ఫెడోరా 2012లోనే ఈ పని చేసింది, డెబియన్ 2023లో వచ్చిన 12వ వెర్షన్‌తో తప్పనిసరి చేసింది. ఆ లంకెను మాత్రం తీసేయకండి. లెక్కలేనన్ని స్క్రిప్టుల (కమాండ్లు రాసిపెట్టిన ఫైళ్ల) మొదటి వరుసలో ఇప్పటికీ /బిన్/ఎస్‌హెచ్ అనే ఉంటుంది.