పాప ముఖం మీద ఎర్రమచ్చ.. స్నేహితురాలితో ఏం మాట్లాడాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా చిన్ననాటి స్నేహితురాలికి ఈమధ్యే పాప పుట్టింది. ముఖం కుడివైపు, నుదుటి నుంచి కనురెప్ప దాకా ముదురు ఎర్రటి మచ్చ ఉంది. 'స్టర్జ్ వెబర్ సిండ్రోమ్' కావొచ్చు, పరీక్షలు చేయాలన్నారట. గ్రహణం రోజు బయట తిరిగిందని అత్తగారి తరఫు వాళ్లు సాధిస్తున్నారు. తను నా ఫోన్ ఎత్తడం లేదు. వచ్చే వారం బారసాల. వెళ్లాలా? వెళ్తే ఏం మాట్లాడాలి?
- ఓ సోదరి, ఖమ్మం

జవాబు: ముందు గ్రహణం సంగతి తేల్చేద్దాం. స్టర్జ్ వెబర్ అంటే చర్మం, కన్ను, మెదడులో రక్తనాళాలు ఉబ్బి ఉండే సమస్య. జీఎన్‌ఏక్యూ అనే జన్యువులో వచ్చే మార్పు వల్ల ఈ సిండ్రోమ్ వస్తుందని 2013లో తేలింది. అది తల్లి నుంచో తండ్రి నుంచో సంక్రమించేది కాదు. కడుపులో పిండం రూపుదిద్దుకునే తొలి రోజుల్లో ఏదో ఒక కణంలో దానంతటదే జరుగుతుంది. మీ స్నేహితురాలు ఏం తిన్నా, ఎక్కడ తిరిగినా, గ్రహణం వేళ కత్తిపీట ముందు కూర్చున్నా దానికీ దీనికీ సంబంధం లేదు. రెండో కాన్పులోనూ ఇలాగే అవుతుందన్న భయం అక్కర్లేదు. ఈ మాట ఆమెకంటే వాళ్ల అత్తగారి చెవిన పడటం ముఖ్యం. ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆవిడను కూడా తీసుకెళ్లమని మీ స్నేహితురాలి భర్తతో చెప్పండి. మీరూ నేనూ చెబితే విననివాళ్లు కూడా ఎదురుగా కూర్చున్న డాక్టర్ చెబితే వింటారు.

ఈ సమస్య 20,000 నుంచి 50,000 మంది శిశువుల్లో ఒకరికి వస్తుందని అంచనా. ముఖం మీద ఇలాంటి మచ్చతో పుట్టిన పిల్లల్లో చాలామందికి ఈ సిండ్రోమ్ ఉండదు. అయితే మచ్చ నుదురు, పై కనురెప్ప మీద ఉంటే అనుమానించి తీరాలి. చర్మంలో రక్తనాళాలు ఉబ్బినట్టే, అదే వైపు కంట్లోనూ మెదడు పైపొరల్లోనూ ఉబ్బి ఉండొచ్చు. చుట్టాలంతా మచ్చను చూసి బాధపడతారు గానీ, మేం భయపడేది కన్ను గురించి, ఫిట్స్ గురించి.

కంటి పరీక్ష బారసాల అయ్యాక చూద్దాంలే అనుకునేది కాదు. కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా పుట్టుకతోనే ఉండొచ్చు, పెద్దయ్యాకా రావొచ్చు. చూడవచ్చినవాళ్లు 'అబ్బ, ఎంత పెద్ద కళ్లో' అని మురిసిపోతుంటారు. మచ్చ ఉన్న వైపు కన్ను రెండోదానికంటే పెద్దగా ఉన్నా, నల్లగుడ్డు మసకబారినట్టున్నా, నీరు కారుతున్నా, వెలుతురు చూడలేక పాప కన్ను మూసేస్తున్నా ఆ రోజే చూపించాలి. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల పసిపిల్లల గ్లకోమా చూసే నిపుణులున్నారు. ఇప్పుడు బాగానే ఉందని చెప్పినా, రమ్మన్న తేదీకి మళ్లీ వెళ్లాలి.

మెదడులో సమస్య ఉంటే ఫిట్స్ ఎక్కువగా ఏడాదిలోపే మొదలవుతాయి. మచ్చ కుడివైపు ఉంటే ఎడమ చేయి, ఎడమ కాలు ఒకే తీరుగా కొట్టుకోవడం, చూపు ఒకవైపే నిలిచిపోవడం కనిపిస్తాయి. అప్పుడు పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఫోన్‌లో వీడియో తీయాలి. ఆ వీడియో మాకు చాలా పనికొస్తుంది. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా దూర్చడం ఏదీ వద్దు. మొదటిసారి వస్తే ఎంతసేపున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి. ఎమ్మారై ఎప్పుడు తీయాలన్నది పిల్లల న్యూరాలజిస్ట్ నిర్ణయిస్తారు. మొదటి నెలల్లో తీసిన స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా, తర్వాత మళ్లీ తీయాల్సి రావొచ్చు.

ఇక మచ్చ. 'పెరిగేకొద్దీ అదే పోతుంది' అని ఎవరైనా అంటే, వాళ్లు వీపు మీద నీలిమచ్చలను తలచుకుని అంటున్నారనుకోండి. ఇది పోదు, పాపతో పాటే పెరుగుతుంది. పల్స్‌డ్ డై లేజర్ అనే లేజర్ చికిత్సతో కొన్ని సిట్టింగుల్లో రంగు తగ్గించవచ్చు, పూర్తిగా మాయం కాకపోవచ్చు. సున్నిపిండి పెట్టి రుద్దితే చర్మం పుండవుతుంది తప్ప మచ్చ కదలదు. కంటికి కాటుక కూడా వద్దు.

బారసాలకు తప్పకుండా వెళ్లండి. వెళ్లగానే పాపను ఎత్తుకోండి, పేరేం పెడుతున్నారో అడగండి, బరువు ఎంత పెరిగిందో అడగండి. ప్రతి పసిబిడ్డ దగ్గరా మాట్లాడే మాటలే ఇక్కడా. మచ్చ గురించి ఆమె ఎత్తితే వినండి. 'దేవుడు తట్టుకోగలిగినవాళ్లకే ఇస్తాడు' అనకండి, ఆ మాట ఈపాటికి పదిమంది అనే ఉంటారు. యూట్యూబ్ లింకులు పంపకండి. ఫోన్ ఎత్తకపోతే ఫర్వాలేదు, 'గురువారం కంటి ఆసుపత్రికి నేనూ వస్తా, ఫైల్ నేను పట్టుకుంటా' అని మెసేజ్ పెట్టండి. జవాబు రాకపోయినా నొచ్చుకోవద్దు. రెండు వారాలాగి ఇంకోటి పెట్టండి.

ఒక్కటి మాత్రం గమనించండి. పాప నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, పాపను దగ్గరికి తీసుకోవాలనిపించకపోవడం రెండు వారాలకు మించి ఉంటే అది బాలింత డిప్రెషన్ కావొచ్చు. అప్పుడు మీ ఓదార్పు చాలదు. ఆమె భర్తకు చెప్పి సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనుందని గానీ, పాపను ఏమైనా చేస్తానేమోనని గానీ ఆమె అంటే రెండు వారాలు ఆగకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.