బి కణాలు ఉన్నాయిగా, చాలవా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా బాబుకు రెండున్నర నెలలు. బీసీజీ వేసిన వైపు చంకలో గడ్డ కట్టింది. నాలుక మీద తెల్లపూత ఎన్ని మందులు వాడినా పోవడం లేదు. మొదటి బాబు అయిదో నెలలో న్యుమోనియాతో పోయాడు. ఇప్పుడు పెద్దాసుపత్రిలో, రోగాలతో పోరాడే తెల్లకణాల్లో టి కణాలు దాదాపు లేవు, బి కణాలు ఉన్నాయి అన్నారు. యాంటీబాడీలు తయారుచేసేవి బి కణాలే కదా, అవి చాలవా? మాది మేనరికం. అందుకే ఇలా అయిందని అత్తగారు అంటున్నారు.
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: చాలవమ్మా. బి కణానికి పని వచ్చినా, చాలా సందర్భాల్లో టి కణం సైగ చేస్తేనే కదులుతుంది. ఆ సైగ లేకపోతే అవి ఎన్ని ఉన్నా సరైన యాంటీబాడీలు తయారుకావు. పైగా బీసీజీలోని బతికున్న క్రిమి, నోటిలోని బూజు యాంటీబాడీలకు లొంగే రకం కాదు. వాటిని అదుపులో పెట్టేది టి కణాలే. ఇన్నాళ్లూ బాబును కొంత కాపాడినవి కడుపులో ఉండగా మీ నుంచి చేరిన యాంటీబాడీలు. అవి నెలనెలా తరిగిపోతాయి.

మీరు పంపిన పాత రిపోర్టు చూసి కోపం వచ్చింది. తెల్లకణాలు 8,000, పక్కన ‘నార్మల్’. కింద లింఫోసైట్లు, అంటే టి, బి కణాలు చేరే తెల్లకణాల రకం, 10 శాతం. అంటే 800. చంటిపిల్లల్లో 3,000 కంటే తక్కువ ఉంటేనే అనుమానపడాలి. ఆ చిన్న లెక్క ఎవరూ వేయలేదు.

లక్షణాలు చూస్తే ‘స్కిడ్’ అనే, పుట్టుకతో వచ్చే తీవ్రమైన రోగనిరోధక శక్తి లోపంలా ఉంది. అదే అయితే ప్రధాన చికిత్స ఎముక మజ్జ మార్పిడి. సరిపోయే తోబుట్టువు లేకపోయినా సగం సరిపోలే తల్లి లేదా తండ్రి మజ్జతో చేస్తారు. అమెరికాలో 2014లో వెలువడిన అధ్యయనంలో మూడున్నర నెలలలోపు మార్పిడి జరిగినవారిలో 94 శాతం బతికారు. కాబట్టి వారాలు లెక్కపెట్టుకోండి. ఈలోగా పోలియో, రోటా చుక్కలు వేయించవద్దు. రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చిన రక్తమే కావాలని ముందే చెప్పండి.

ఇక మేనరికం. కొన్ని రకాలకు అది కారణమే. కానీ బి కణాలు ఉండి టి కణాలు లేని మగపిల్లల్లో, ఎక్స్ క్రోమోజోములోని ఒక జన్యువు దెబ్బతినడం మామూలుగా కనిపించేదే. దానికి మేనరికంతో పని లేదు. మీ పుట్టింటివైపు మగపిల్లలు ఎవరైనా ఏడాది లోపు పోయారేమో మీ అమ్మగారిని అడిగి ఆసుపత్రిలో చెప్పండి. జన్యు పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకు తెలుస్తుంది.