‘వచ్చారు’ ఎవరికి, ‘వచ్చింది’ ఎవరికి

రాజమహేంద్రవరం

చిరంజీవికి,

ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఉత్త పాఠకురాలిగా చదివి, వరద తీశాక పొలంలో మేట వేసిన ఇసుకను ఆ కుటుంబమంతా తట్టలతో ఎత్తిపోసే ఘట్టం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రెండోసారి ఎర్ర పెన్సిలు పట్టుకుని చదివాను. కథతోపాటు పంపిన ఉత్తరంలో, ఆడవాళ్లంటే నీకు ఎంతో గౌరవమనీ, నీ కథలో వివక్షకు చోటులేదనీ రాశావు. నీ గౌరవం నిజమైనదేనని నమ్ముతున్నాను కాబట్టే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. ద్వేషంతో రాసేవాడి పక్షపాతం పైకే కనిపిస్తుంది. గౌరవం ఉన్నవాడి పక్షపాతం అతనికే కనిపించదు.

నీ కథలో ఇంటి యజమాని మొదటి పేజీలోనే పేరుతో, వయసుతో, ఎకరాల లెక్కతో సహా వచ్చేశాడు. ఆయన భార్యకు తొమ్మిదో పేజీ దాకా పేరే లేదు. అప్పటిదాకా ఆమె ‘రైతు భార్య’. ఆమె ఊడ్పులు ఊడ్చింది, కలుపు తీసింది, పాలేరు రాని పూట గేదెల పాలు పితికింది, మగవాళ్లతో సమానంగా ఇసుక తట్టలు మోసింది. ఇవన్నీ రాసింది నువ్వే. అయినా ఆయన రైతు, ఆమె రైతు భార్య. పట్టాదారు పాసుపుస్తకంలో ఆయన పేరే ఉంటుందని నువ్వు అనవచ్చు. ఉంటుంది, కానీ ఆ పుస్తకంలో లేనిదాన్ని చూడగలడనే కదా జనం కథకుడి దగ్గరికి వచ్చేది! ఆమె కనిపించే చోట్లన్నీ గుర్తుపెట్టి చూశాను. పదకొండు ఉన్నాయి. తొమ్మిది చోట్ల ఆమె చేతిలో ఏదో ఒకటి ఉంది, మంచినీళ్ల చెంబో, కాఫీ గ్లాసో, అన్నం క్యారియరో, తట్టో. మిగిలిన రెండు చోట్లా ద్వారబంధం పట్టుకుని నిలబడి మగవాళ్ల మాటలు వింటోంది.

నిన్ను తప్పుపట్టే ముందు నా సంగతి చెప్పడం న్యాయం. నేను ముప్పై ఏళ్లకు పైగా కళాశాలలో తెలుగు చెప్పాను. పదవీ విరమణ చేశాక ఒకరోజు ట్రంకుపెట్టె సర్దుతుంటే, విద్యార్థులకు ఉద్యోగాల కోసం, పై చదువుల కోసం నేను రాసిచ్చిన సిఫారసు ఉత్తరాల కార్బన్ ప్రతుల కట్ట దొరికింది. నీలం సిరా అలుక్కుపోయిన ఆ పలచటి కాగితాలను నేల మీద పరుచుకుని, ఒక మధ్యాహ్నమంతా వరసగా చదివాను. విడిగా చూస్తే ఏ ఉత్తరంలోనూ తప్పు లేదు, అన్నీ మెచ్చుకోళ్లే. వరసన చదివేసరికి మాత్రం నా చేతులు చల్లబడ్డాయి. మగపిల్లల గురించి ‘స్వతంత్రంగా ఆలోచించగలడు’, ‘విషయాన్ని లోతుగా పట్టుకుంటాడు’ అని రాశాను. ఆడపిల్లల గురించి ‘వినయశీలి’, ‘శ్రద్ధగా చదువుతుంది’, ‘దస్తూరి ముచ్చటగా ఉంటుంది’ అని రాశాను. ఒకమ్మాయి తిక్కన పద్యానికి నేను చెప్పిన అన్వయం తప్పని నిండు తరగతిలో లేచి నిలబడి నిరూపించింది. ఆ రోజు ఇంటికి వెళ్లి మళ్లీ చూసుకుంటే ఆమె చెప్పిందే సరి. ఆ పిల్లకు నేను రాసిచ్చిన ఉత్తరంలో ‘వినయవిధేయతలు గల విద్యార్థిని’ అని ఉంది. ఆలోచన గురించి ఒక్క మాట లేదు.

నేను ఆడదాన్ని. చదువుకోవడానికి ఇంట్లో వాళ్లతో పోట్లాడి కళాశాల గడప తొక్కినదాన్ని. ఆడపిల్లలకు అన్యాయం చెయ్యాలని ఒక్కనాడూ అనుకోలేదు. అయినా నాకు తెలియకుండా నా చెయ్యి ఇద్దరికీ రెండు రకాల మాటలు ఏరుతూనే ఉంది. ఒక్క ఉత్తరం చూస్తే అది బయటపడదు, కట్ట మొత్తం చదివితేనే పడుతుంది. అందుకే నీకు ఒకటే కథ ఉన్నా, దాన్ని పదిసార్లు పది రకాలుగా చదవమంటున్నాను. ఒకసారి మగవాళ్ల విశేషణాలు మాత్రమే చదువు. మరోసారి ఆడవాళ్లవి మాత్రమే చదువు. ఇంకోసారి ఎవరి ఆలోచన కథలోకి వచ్చిందో, ఎవరి పని మాత్రమే వచ్చిందో చూడు.

మరోసారి క్రియాపదాల చివరలు మాత్రమే చదువు. మన భాషలో ఇది తప్పనిసరి. వాన వచ్చింది, బస్సు వచ్చింది, గేదె వచ్చింది, అక్క వచ్చింది. అన్న ఒక్కడే వచ్చాడు. చిన్నయసూరి వ్యాకరణం చదివేటప్పుడు మహత్తులు, అమహత్తులు అని నువ్వూ బట్టీపట్టే ఉంటావు. పురుషుణ్ని చెప్పే మాట మహత్తు. స్త్రీని చెప్పే మాటకు మహతి అని పేరు విడిగా ఉన్నా, ఏకవచనంలో దాని క్రియ పశువులతో, వస్తువులతో కలిసి నడుస్తుంది. బహువచనానికి వచ్చేసరికి మళ్లీ మనుషుల్లో కలుస్తుంది, అక్కలు ‘వచ్చారు’, బస్సులు ‘వచ్చాయి’. పక్కనున్న తమిళంలో ఆమెకు ‘వందాళ్’ అని విడిగా ఒక రూపం ఉంది. అంతమాత్రాన తమిళుల ఇళ్లలో ఆడవాళ్లకు ఎక్కువ మన్నన దక్కుతోందని నేను అనను. వ్యాకరణం మనుషుల్ని చెడగొట్టదు. కానీ వ్యాకరణం సిద్ధం చేసి ఉంచిన దారి ఒకటుంటుంది, మనసు పెట్టకుండా రాసినప్పుడు కలం ఆ దారినే పోతుంది.

నీ కథలోకి రా. కరణంగారు వచ్చారు, డాక్టరుగారు అన్నారు, మేస్త్రి అన్నాడు. ఊరి బడి ప్రధానోపాధ్యాయురాలు మాత్రం ‘అంది’. ఆమె డాక్టరుకన్నా పెద్దది, నీ కథానాయకుడికి అక్షరాలు నేర్పిన మనిషి. ‘అన్నారు’ అనడానికి భాష అడ్డురాలేదు, వ్యాకరణం వద్దనలేదు, నీకు తట్టలేదు, అంతే. మేస్త్రికి ‘అన్నాడు’ అని రాయడం కూడా ఒకసారి ఆలోచించు, అక్కడ జారిపోయింది కులమో, కూలియో. మొగుడు పెళ్లాన్ని ‘ఏమే’ అని పిలుస్తాడు, ఆమె ‘ఏమండీ’ అంటుంది. ఆ ఇంట్లో అలాగే పిలుచుకుంటారు కాబట్టి సంభాషణను మార్చమని అనను. కానీ సంభాషణ పాత్రలది, కథనం నీది. ఆయన ‘ఏమే’ అన్నాడు కదా అని కథకుడు కూడా ఆమెను ఆ మెట్టు మీదే నిలబెట్టనక్కర్లేదు.

మంచివాళ్ల కలం కూడా జారుతుందని అన్నాను. మా ఊరి వాడే, కందుకూరి వీరేశలింగం పంతులుగారి సంగతే చూడు. 1881 డిసెంబరులో సంఘం వెలివేస్తుందని తెలిసీ ఇక్కడే తొలి వితంతు వివాహం జరిపించారు. అంతకు ఏడేళ్ల ముందే ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. ఆయనకున్న ధైర్యంలో పదోవంతు నాకు లేదు. అలాంటి మనిషి కవుల చరిత్ర రాస్తూ, తంజావూరు ఆస్థానంలో వెలిగిన ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ దగ్గరికి వచ్చేసరికి, ఆడదాని నోటివెంట రాకూడని శృంగారమంటూ ఆమెను తీసిపారేశారు. ఆమె భోగం వనిత కావడం ఆ తీర్పును మరింత పదును చేసింది. మన ప్రబంధాల్లో శృంగారం కొత్తేమీ కాదు, మగకవులు దానిలో ముందుకు పోయినంత దూరం ముద్దుపళని పోలేదు కూడా. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పూర్తిపాఠంతో అచ్చు వేయిస్తూ పీఠికలో ఈ సంగతే నిలదీసింది. సిగ్గు ఆడవాళ్లకే ఉండాలా, మగవాళ్లకు అక్కర్లేదా అని ఆమె అడిగిన ప్రశ్నకు ఆనాడు జవాబు రాలేదు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది, స్వాతంత్ర్యం వచ్చే కాలానికి గానీ ఆ నిషేధం తొలగలేదు.

(ఇప్పుడు రాసిన పేరా తిరగేసి చూసుకున్నాను. పంతులుగారు ‘జరిపించారు’, నాగరత్నమ్మ ‘నిలదీసింది’. దిద్దకుండా అలాగే పంపుతున్నాను, నువ్వే చూడు. నాగరత్నమ్మగారు నిలదీశారు.)

ముద్దుపళని విషయంలో పంతులుగారిది దుర్బుద్ధి అని నేను అనుకోవడం లేదు. మగకవి శృంగారం రాస్తే ఆయనకు పద్యం కనిపించింది, ఆడకవి రాస్తే మనిషి నడవడి కనిపించింది. పత్రికకు వచ్చిన కథ కింద ఆడపేరు ఉంటే ‘ఇది ఆమె సొంత బతుకా?’ అనే అనుమానం ఈనాటికీ పుడుతోంది. నా తొలి కథ అచ్చయినప్పుడు, ‘ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?’ అని నన్ను అడిగినవాళ్లు నలుగురైదుగురున్నారు. ఆ కథలో భర్త తాగుబోతు. అదే నెలలో హత్య కథ రాసిన మిత్రుణ్ని ఎవరూ ఏమీ అడగలేదు.

నువ్వు ఒక మాట అనబోతున్నావని నాకు తెలుసు. పల్లెల్లో ఉన్నదే రాశాను, ఆమె వంటింట్లో ఉంటే వంటింట్లోనే చూపించాను అంటావు. నిజమే. 2019లో దేశమంతటా జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. మగవాళ్లలో ఇంటి పనికి చెయ్యి కలిపేవాళ్లే నూటికి ఇరవై ఆరుగురు, వాళ్లు వెచ్చించేది 97 నిమిషాలు. కాబట్టి ఆమెను వంటింట్లోంచి లాక్కొచ్చి లారీ నడిపించమనీ, ఆయన చేత సాంబారు కాయించమనీ నేను చెప్పను. అలా తారుమారు చేసినంత మాత్రాన మూస పగలదు, తిరగబడిన మూస ఒకటి తయారవుతుంది. నేనడిగేది ఆ 299 నిమిషాల లెక్క. నీ కథలో కాఫీ గ్లాసు గాల్లోంచి వచ్చింది. వరద తర్వాత తడిసిన పుల్లలతో పొయ్యి ఎలా రాజుకుంది? గేదె మేత లేక వట్టిపోతే పాలు ఎక్కడివి? ఎవరింటి నుంచి అప్పు తెచ్చింది, ఏమని అడిగింది, వాళ్లు ఏమన్నారు? ఆయన ఇసుక ఎత్తడాన్ని రెండు పేజీలు రాసిన నీకు, ఆమె పొయ్యి ఊదడం రెండు వాక్యాలకైనా తగిన పనిగా తోచలేదు. నాకు బాధ కలిగించింది అదే.

ఒక మాట దగ్గర మాత్రం నేను పట్టుపడతాను. పదమూడో పేజీలో పక్క ఊరి పిల్ల ‘శీలం కోల్పోయింది’ అని రాశావు. దానికి ముందు ‘మానభంగం’ అని కూడా ఉంది. ఈ మాటలు ఎటు చూస్తున్నాయో గమనించు. నేరం చేసినవాడు వాక్యంలో ఎక్కడా లేడు. పోగొట్టుకున్నది ఆమె, భంగపడింది ఆమె. ‘అత్యాచారం’ అనే మాట కనీసం ఆచారం తప్పినవాడి వైపు చూస్తుంది. ఇది నా ఒక్కదాని చాదస్తం అనుకోకు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల కోసం ఒక చేతిపుస్తకమే వెలువరించి, తీర్పుల్లో ఏ మాటలు వాడకూడదో, వాటికి బదులు ఏవి వాడాలో పట్టిక వేసి ఇచ్చింది. ‘ఈవ్‌టీజింగ్’ అనవద్దు, వీధిలో జరిగే లైంగిక వేధింపు అనమంది. అంతకు రెండేళ్ల ముందు, వేధించినవాడు బాధితురాలి చేత రాఖీ కట్టించుకోవాలని ఒక హైకోర్టు పెట్టిన బెయిలు షరతును అదే సుప్రీంకోర్టు కొట్టివేసింది. చట్టం చదివి, ప్రమాణం చేసి కూర్చున్నవాళ్లకే ఆ షరతు సహజంగా తోచిందంటే, నీకూ నాకూ ఎన్ని తోస్తున్నాయో! ఆ వాక్యాన్ని వాడితో మొదలుపెట్టి రాయి.

మగవాళ్లకు జరిగే అన్యాయం గురించి కూడా ఒక మాట. నీ రైతు కొడుకు పదేళ్లవాడు. గేదె కొట్టుకుపోయిందని ఏడుస్తుంటే తాత ‘మగపిల్లాడివి, ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా’ అంటాడు. తాత అంటాడు, అననీ. కానీ ఆ తర్వాతి వాక్యంలో ‘వాడు కళ్లు తుడుచుకుని మగాడయ్యాడు’ అన్నది తాత కాదు, నువ్వు. ఆ పిల్లవాడు రాత్రి ఎక్కడ ఏడ్చాడో చెప్పకుండా దాటేశావు. అలాగే మీ వాళ్లందరూ పుస్తకాల భాష మాట్లాడుతుంటే, తెలంగాణ నుంచి పనికి వచ్చిన కూలీ ఒక్కడికే యాస పెట్టి, అతను మాట్లాడిన ప్రతిసారీ చుట్టూ ఉన్నవాళ్లను నవ్వించావు. గోదావరి వాళ్లకు యాస లేదని ఎవరన్నారు? అందరికీ యాస పెట్టు, లేదా ఎవరికీ పెట్టకు.

ఇన్ని చెప్పానని కథను పక్కన పడేయకు. ఇసుక ఎత్తిపోసే ఘట్టం రాయగలిగినవాడు మిగతాది కూడా రాయగలడు. తిరగరాసేటప్పుడు మొదట ఏడో పేజీ తియ్యి. అప్పు గురించి మగవాళ్లు నలుగురూ అరుగు మీద తేలుస్తుంటారు, ఆమె ద్వారబంధం పట్టుకుని వింటూ ఉంటుంది. తాకట్టుకు పోబోయేది ఆమె మెడలో పుస్తెలతాడు. ఆ నలుగురి మాటలూ రాశావు. ఆమె ఏమనుకుందో రాసి నాకు పంపు. సంక్రాంతికి ముందే పంపితే, పండగ సెలవుల్లో మా మనవరాలి చేత పైకి చదివించుకుంటాను.

ఆశీస్సులతో.