పందెం గుర్రాన్ని ఇంటికి తెచ్చుకున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

మలక్‌పేట పందేల నుంచి తప్పుకున్న థరోబ్రెడ్ (పందేల కోసం పెంచే జాతి) గుర్రాన్ని తెచ్చుకున్నావని మీ నాన్న చెప్పాడు. ఎప్పుడు ఎక్కవచ్చని అడిగావట. మొదటి నెల జీను సంగతే తలపెట్టకు. ఆ నెల నిండా పని ఉంది.

ముందు అది ఏం నేర్చుకుని వచ్చిందో తెలుసుకో. పందెం గుర్రాలు రెండేళ్ల వయసుకే పరుగు మొదలుపెడతాయి. జాకీ పగ్గాలు బిగించి పట్టుకుంటే ఆ పట్టు మీద ఆనుకుని వేగం అందుకోవడం వాటికి అలవాటు. కాబట్టి నువ్వు భయపడి పగ్గం గట్టిగా లాగితే అది ఆగడానికి బదులు ముందుకు దూకవచ్చు. జాకీ పొట్టి రికాబుల (జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే కడియాల) మీద, మూపు దగ్గరికి వంగి కూర్చుంటాడు గనుక, మనం కాళ్లతో పొట్టకు ఇచ్చే సైగలు దానికి కొత్త. చాలాసార్లు సాయిసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) నడిపిస్తుండగానే జాకీని పైకి ఎక్కించేస్తారు. ఎక్కేటప్పుడు కదలకుండా నిలబడాలని దానికి ఎవరూ నేర్పి ఉండకపోవచ్చు. దాన్ని పొగరుగా లెక్కగట్టకు.

తర్వాత మేత. పందేల లాయంలో ఓట్స్, దాణా ఎక్కువ, గడ్డి తక్కువ, రోజులో చాలా భాగం నాలుగు గోడల మధ్యే. ఇలా బతికిన గుర్రాల్లో కడుపులో పుళ్లు చాలా మామూలు. గుర్రం కడుపులో ఆమ్లం రాత్రీపగలూ ఊరుతూనే ఉంటుంది. గడ్డి నమిలేటప్పుడు వచ్చే లాలాజలం దాని తీవ్రతను తగ్గిస్తుంది. 450 కిలోల గుర్రానికి రోజుకు 8, 9 కిలోల ఎండుగడ్డి కావాలి, అదీ నాలుగైదు విడతలుగా. కాస్త లూసర్న్ అనే మేత కలిపితే కడుపుకి మేలు. పాత దాణాను 10 నుంచి 14 రోజుల మీద మెల్లగా తగ్గించు. ఒక్కరోజులో మార్చేస్తే కడుపునొప్పి వస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు, అందుకే ఆ నొప్పిని చిన్నగా చూడకూడదు. నీళ్లు రోజుకు 30, 40 లీటర్లు. మన ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. గ్లాండర్స్ అనే అంటురోగానికి రక్తపరీక్ష, ధనుర్వాతం టీకా అయ్యాయో లేదో కాగితాలు చూసుకో.

ఇప్పుడు అసలు విషయం. గుర్రానికి పాఠం అందేది నువ్వు ఒత్తిడి వదిలిన క్షణంలో. వెనక్కి అడుగు వేయించడంతో మొదలుపెట్టు. హాల్టర్ (తలకు వేసే పట్టీల తొడుగు) వేసి, పన్నెండు అడుగుల తాడు కట్టు. తాడును ఎప్పుడూ చేతికి చుట్టుకోకు, మడతలుగా పట్టుకో. గుర్రం ఉలిక్కిపడితే చుట్టుకున్న తాడు వేళ్లు తెంపేస్తుంది. పక్కన, మెడ దగ్గర నిలబడు. ముక్కు మీది పట్టీని రెండు వేళ్లతో పట్టుకుని ఛాతీ వైపుకి కొద్దిగా నొక్కు. నొక్కి, అలాగే ఉండు. మొదట అది తల ఎత్తుతుంది, పక్కకు తిరుగుతుంది, ఒక్కోసారి నీ మీదికే నెట్టుకొస్తుంది. అప్పుడు వదిలేశావంటే, తల ఎగరేస్తే ఒత్తిడి పోతుందని నేర్చుకుంటుంది. అప్పుడు విసుగొచ్చి గట్టిగా లాగావంటే, పగ్గం లాగితే పోరాడాలనే దాని పాత చదువే గట్టిపడుతుంది. పెంచకుండా, వదలకుండా, మొదట అడిగినంతే అడుగుతూ ఉండాలి. నీకు ఓపిక కావలసింది సరిగ్గా ఆ పది, ఇరవై సెకన్లలోనే. అది బరువును వెనక్కి వంచిందా, అడుగు పడకపోయినా సరే, వెంటనే వదిలేయ్. రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే, ఈలోగా అది చేసిన మరేదో పనికి నువ్వు బహుమతి ఇచ్చినట్టు అవుతుంది. వదిలాక మూపు మీద నిమురు, దానికి ఆలోచించుకునే సమయం ఇవ్వు, మళ్లీ అడుగు. వారంలో వేలు తాకగానే రెండడుగులు వేస్తుంది. పూటకు 15, 20 నిమిషాలు చాలు. బాగా చేసిన చోటే ఆపేయ్. ఇంకొక్కసారి అనే ఆశే చాలామంది పని చెడగొడుతుంది.

దగ్గరికి వెళ్లేటప్పుడు మాట్లాడుతూ ఎడమ భుజం వైపు నుంచి వెళ్లు. దానికి నుదుటికి ఎదురుగా, తోక వెనకాల కనిపించదు. చెవులు వెనక్కి అంటుకుపోయి, కంటి తెల్లగుడ్డు కనిపిస్తూ, తోక విసురుతుంటే ఆగిపో. తల దించి, కింది పెదవి వదులు చేసి, పెద్దగా ఊపిరి వదిలితే మనసు కుదుటపడిందన్నమాట.

గిట్టలు ఎత్తించడం రోజూ చెయ్యి. అరచేతిని భుజం నుంచి కిందికి జార్చి, కాలి వెనక నరం దగ్గర మెల్లగా నొక్కు. ఎత్తగానే మొదటి రోజు రెండు సెకన్లే పట్టుకుని, అది లాక్కోకముందే నువ్వే కింద పెట్టు. శుభ్రం చేసేటప్పుడు కొక్కేన్ని మడమ నుంచి ముందుకు కదిలించు. మధ్యలో త్రికోణంలా ఉండే మెత్తని భాగాన్ని పొడవకు. నల్లగా, కుళ్లు వాసన వస్తుంటే లాయంలో తడి ఎక్కువైందని అర్థం. లాడాలు ఆరు వారాలకోసారి చూపించు.

జీను వేసే రోజు వచ్చాక, పొట్టపట్టీ బిగిస్తుంటే కొరకబోయినా, పొట్ట బిగబట్టినా, కొట్టకు. కడుపులో పుండో, వెన్నునొప్పో, జీను మూపు మీద నొక్కడమో కారణమై ఉండవచ్చు. నువ్వు కూర్చున్నాక కూడా జీనుకీ మూపుకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. పందెం మానిన కొద్ది నెలల్లో దాని ఒంటి కండ మారిపోతుంది, జీనును మళ్లీ సరిచూడాలి. పట్టీని ఒక్కసారిగా లాగకుండా మూడు విడతల్లో, మధ్యలో నాలుగడుగులు నడిపించి బిగించు.

ఎక్కించుకోవడం దానికి ఇలా నేర్పు: ఎత్తుపీట పక్కన నిలబెట్టు, నిలబడితే వెనక్కి తీసుకుపో. మర్నాడు రికాబులో కాలు పెట్టి తీసేయ్. ఆ తర్వాత బరువు వేసి దిగిపో. కదిలితే కిందటి మెట్టుకి తిరిగి వెళ్లు. తల దగ్గర తెలిసిన మనిషి ఉండాలి, నీ తలకు హెల్మెట్ ఉండాలి.

విశ్రాంతిలో నాడి నిమిషానికి 28 నుంచి 44 వరకు, ఒంటి వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్. మేత మాని, పక్కటెముకల వైపు చూసుకుంటూ దొర్లుతుంటే ఒక్క క్షణం ఆగకుండా డాక్టరుని పిలువు.

డాక్టరుగారు పళ్లు, కడుపు చూశాక ఏమన్నారో రాయి. నాలుగు గిట్టల్లో ఏది ఎత్తడానికి మొరాయిస్తోందో కూడా రాయి. దాన్నిబట్టి తర్వాతి వారం పని చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న