కడపలో చందువ పేరుతో అమ్మేది నిజంగా సముద్రపు చేపేనా?

కొన్నిసార్లు అవును, చాలాసార్లు కాదు. చెరువుల్లో పెంచే రూప్‌చంద్‌ను కూడా ఇక్కడ చందువ అనే పిలిచి అమ్ముతుంటారు. రెండూ పళ్లెంలా గుండ్రంగా, పలచగా ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు పోల్చుకోలేరు.

చేపను చేతిలోకి తీసుకుని వీపు వెనక భాగం చూడండి. పెద్ద రెక్కకూ తోకకూ మధ్య వేలిగోరంత చిన్న రెక్క విడిగా కనిపిస్తే అది రూప్‌చంద్. అనుమానం తీరకపోతే నోరు తెరవండి, అచ్చం మనిషి పళ్లలాంటివి ఉంటాయి! దక్షిణ అమెరికా నదుల చేప అది, రాలిన పండ్లూ గింజలూ కొరికి తింటుంది.

అసలు చందువకు ఆ చిన్న రెక్క ఉండదు, పొట్ట కింద జత రెక్కలు కూడా ఉండవు. వెండి రంగు, ముట్టుకుంటే చేతికి అంటుకునే సన్నటి పొలుసు, బాగా చిన్న నోరు. తోక చీలి ఉంటుంది, కింది పాయ కొంచెం పొడవు. పర్షియన్ గల్ఫ్ నుంచి జపాన్ దాకా, తీరానికి దగ్గరి బురద నేలల మీద గుంపులుగా తిరుగుతుంది. తిండి నీటిలో తేలే సూక్ష్మజీవులు, జెల్లీ చేపలు. ఆ మెత్తటి తిండిని నలపడానికి గొంతు వెనక ముళ్లున్న సంచి ఒకటి ఉంటుంది.

రూప్‌చంద్ తినకూడదని కాదు, పులుసుకు బాగానే ఉంటుంది. చందువ ధర మాత్రం ఇవ్వకండి.